నేస్తం పోయాడు. పెద్దపండక్కి మా ఇంట్లో తనకీ బట్టలు పెట్టొచ్చా?

కొబ్బరాకు73:

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గాని నేను రాసింది తక్కువ. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేటకీ కవిటికీ మధ్యలో ఒక ఊరు. ఉండేది విశాఖలో. అడగాల్సింది చిన్న విషయమే, కాని కొంచెం వెనక నుంచి చెప్పకపోతే మన వైపు వాళ్ళు కానివాళ్ళకి అర్థం కాదు.

మా నేస్తం కార్తీకంలో పోయాడు. నేస్తం అంటే ఉత్త ఫ్రెండ్ కాదు, మా అమ్మలు కట్టిన నేస్తం. 1981లో మాకు ఎనిమిదేళ్ళు. ఇద్దరికీ ఒకే వారంలో అమ్మవారు పోసింది. తగ్గాక గ్రామదేవత గుడి దగ్గర కూర్చోబెట్టి, నా కొత్త చొక్కా తనకీ తన చొక్కా నాకూ తొడిగి, ఒకరి చేత ఒకరి నోట్లో బెల్లం పెట్టించి, ఇవాళ్టి నుంచి మీరు నేస్తాలు, పేరెట్టి పిలుచుకోకూడదు, ఒరే అనుకోకూడదు అన్నారు. తన చొక్కా నాకు బొడ్డు దాకే వచ్చింది. ఇంటికెళ్ళాక మార్చేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, చీకటిపడేదాకా అలాగే తిరిగాను.

మా కులాలు వేరు. అయినా ఆ రోజు నుంచి వాళ్ళమ్మ నాకు అమ్మే. నాకు సెలవు దొరకనప్పుడు మా చెల్లి పెళ్ళిలో అన్నగా చెయ్యాల్సినవన్నీ తనే చేశాడు. నేను 1992లో ఆర్మీలో చేరి 2009లో బయటికొచ్చాను. ఆ పదిహేడేళ్ళూ కూడా పెద్దపండక్కి (సంక్రాంతికి) వాళ్ళింటి నుంచి మా ఇంటికి, మా ఇంటి నుంచి వాళ్ళింటికి బట్టలు, అరిసెలు ఆగలేదు. మొదట్లో ఇన్‌లాండ్ లెటర్లు రాసేవాడు. సగం ఉత్తరం కొబ్బరికాయ ధరే, వెయ్యి కాయలకి ఎంత పలికింది, ఏ షావుకారు ఎంత తగ్గించాడు అని. బారక్‌లో తెలుగువాళ్ళు చదివి, ఇతను నీకు స్నేహితుడా కొబ్బరి బ్రోకరా అని నవ్వేవారు. ఆ ధరల మధ్యలో ఎక్కడో ఒక వాక్యం ఉండేది, ‘అమ్మకి జ్వరం తగ్గింది, నేను చూసుకుంటున్నాను’ అని. మా అమ్మకన్నమాట. జ్వరం వచ్చిందని నాకు తెలిసేదే అప్పుడు.

చిన్నప్పుడు ఒకసారి దొంగతనంగా జీడిపిక్కలు కాల్చి, సరిగ్గా కాలకుండానే పళ్ళతో కొరికితే, జీడి అంటుకుని ఇద్దరికీ మూతులు పొక్కిపోయాయి. మర్నాడు బడిలో ఎవరు చేశారని మాస్టారు అడగాల్సిన పనే లేకపోయింది.

2018లో తిత్లీ తుఫాను మీకందరికీ గుర్తుండే ఉంటుంది. అక్టోబరు 10 రాత్రి మొదలైన గాలి 11 తెల్లారేసరికి మా ప్రాంతాన్ని పడుకోబెట్టేసింది. తనకి అరవై రెండు కొబ్బరిచెట్లు, నిలబడినవి తొమ్మిది. మూడు రోజులకి ఫోను కలిస్తే తను అన్న మొదటి మాట, “నేస్తం, మా అరుగు మీద కూకుంటే సముద్రం కనబడతంది” అని. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, మధ్యలో అడ్డంగా ఉండాల్సిన తోటలేవీ లేవు. కొబ్బరి అంటే వరి కాదు కదా, ఈ ఏడు పోతే వచ్చే ఏడు చూసుకుందాం అనడానికి. అయినా 2019లో మళ్ళీ మొక్కలు వేశాడు.

2020లో క్రియాటినిన్ పెరిగిందన్నారు, అంటే కిడ్నీలు పాడవుతున్నాయని. ఉద్దానంలో ఆ మాట వింటే ఇంకేమీ అడగరు. ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇదీ అని ఒక్క కారణం ఎవరూ తేల్చలేదు, నీళ్ళంటారు, ఎండలో పనంటారు, మందులంటారు. ఆ ఏడే డయాలసిస్ మొదలైంది, వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు. నీళ్ళు కొలిచి తాగాలి. పొటాషియం ఎక్కువని కొబ్బరినీళ్ళు అసలే వద్దన్నారు. పుట్టినప్పటి నుంచి దాహం వేస్తే చెట్టెక్కినవాడు. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు కదా, దాని మీద వేళ్ళు పెడితే లోపల జుయ్యిమని కొట్టుకుంటుంది, నా చెయ్యి లాక్కుని అక్కడ పెట్టి “బండి స్టార్టింగులోనే ఉంది, సూడు” అనేవాడు.

పోయాక పదోరోజు ఊళ్ళో ఫ్లెక్సీ కట్టారు. దాని మీద పేరు చదివి ఒక్క క్షణం ఎవరబ్బా అనుకున్నాను. 44 ఏళ్ళలో నేను ఆ పేరు పలకలేదు మరి.

సరే, అడిగేది ఇదీ. మన దగ్గర పెద్దపండగ రోజు ఇంట్లో పోయినవాళ్ళకి కొత్త బట్టలు పెడతాం. ఆ వరసలో మా నాన్న పంచె పక్కన తనకీ ఒక జత పెట్టాలని ఉంది. మా అన్నయ్య వద్దంటున్నాడు. వేరే ఇంటి మనిషి, కొడుకు ఉన్నాడు, పెట్టాల్సింది వాడు, ఏడాది కూడా తిరగలేదు, ఇంకో ఇంటి పెద్దని మన గడపలోకి పిలవకూడదు అంటాడు. మా ఆవిడ పెట్టమంటుంది. రెండోది, వాళ్ళింటికి ఏటా పంపే బట్టలు ఈసారి పంపాలా? వాళ్ళకి ఈ ఏడు పండగ లేదు. పంపితే బాధపెట్టినట్టా, పంపకపోతే తెంచుకున్నట్టా తెలీడం లేదు. ఇలాంటిది ఎవరింట్లోనైనా జరిగిందా?

నాగావళి గట్టు:

అన్నయ్యగారూ, చదువుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మాది ఆమదాలవలస. ఆవిడకి పొందూరులో నేస్తురాలు ఉండేది, ఖాదీ నూలు వడికేవారు. మీకు తెలిసే ఉంటుంది, అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు, ఆ సన్న పళ్ళే దువ్వెన. ఆవిడ పోయినప్పుడు వాళ్ళ కోడలు అలాంటి దవడ ఒకటి తెచ్చి మా నాయనమ్మకి ఇచ్చింది. నాయనమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది. చేప ఎముక దేవుడి దగ్గరేంటని మా తాత గొడవ చేస్తే, “నీ దేవుడు వడికిన పంచె కట్టుకున్నావా, అది వడికిన పంచె కట్టుకున్నావా?” అని అడిగిందట. మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పెద్దపండక్కి మా పెద్దల బట్టల పక్కన ఒక పొందూరు జాకెట్టు గుడ్డ ఉండేది. అది ఎవరికో నేను పదో తరగతికి వచ్చేదాకా నాకు తెలీదు. నాయనమ్మ ఎవరి అనుమతీ అడిగినట్టు లేదు. మొదటి ఏడాదే పెట్టిందా, తర్వాత పెట్టిందా అంటే చెప్పలేను, అడగడానికి ఆవిడా లేదు.

వాళ్ళింటికి బట్టల సంగతి, నా మటుకు పంపండి. రంగులవి కాకుండా పంపండి.

పంచాంగం అబ్బాయి:

విజయనగరం నుంచి. మా నాన్నగారు పౌరోహిత్యం చేస్తారు, ఆయన్ని అడిగే రాస్తున్నాను, నా సొంతం కాదు. మీ అన్నయ్యగారు చెప్పింది పూర్తిగా తప్పు కాదండి. కొడుకు ఉండగా కర్మ అధికారం కొడుకుది. ఏడాది లోపల పోయినవారిని పెద్దల్లో కలపకూడదనే పట్టింపు చాలా ఇళ్ళలో ఉంది. కాని మీరడిగేది కర్మ కాదు, తలుచుకోవడం. దానికి దారి లేకపోలేదు. భాద్రపదంలో మహాలయ పక్షాలు వస్తాయి కదా, అప్పుడు తర్పణాల్లో తండ్రి వైపు, తల్లి వైపు అయ్యాక కారుణ్య పితరులని ఒక వరుస ఉంటుంది. అందులో గురువు వస్తాడు, స్నేహితుడు కూడా వస్తాడు. అక్కడ తన పేరు చెప్పి నీళ్ళు వదలొచ్చు, గోత్రం వేరైనా ఇబ్బంది లేదు.

నాన్నగారు ఇంకో మాట అన్నారు, పేరు పలకాల్సి వస్తుంది కాబట్టి ముందే అలవాటు చేసుకోమను అని. వెటకారంగా కాదులెండి, ఆయన మాట తీరే అంత.

తంపర:

నాకు ఈ పెట్టుపోతల మీద నమ్మకం లేదు, అందుకే సూటిగా చెప్తున్నా, ఏమీ అనుకోవద్దు. పోయినాయనకి చొక్కా పెట్టినా కోటు పెట్టినా ఒకటే. బతికున్నప్పుడు ఏం చేశామన్నదే లెక్క. ఆయన భార్యకి ఫోన్ చేసి ఏం కావాలో కనుక్కో. డయాలసిస్ వాళ్ళకి వచ్చే పది వేల పింఛను ఆయనతోపాటే ఆగిపోయి ఉంటుంది. అప్పులున్నాయా, పిల్లాడికి ఉద్యోగం ఉందా, అవి అడుగు. ఇన్ని పేరాలు రాశావు గాని ఆవిడ గురించి ఒక్క లైను లేదు.

నాగావళి గట్టు:

తంపరగారూ, మనిషి పోయి రెండు నెలలు కాలేదు. కొంచెం చూసి రాయండి.

కొబ్బరాకు73:

పర్వాలేదమ్మా, ఆయన అన్నదాంట్లో తప్పులేదు. వదిన గురించి రాయలేదంటే కారణం ఉంది. నిన్నంతా రాయనా మాననా అనుకుని ఇప్పుడు రాస్తున్నాను. (నేస్తం నాకంటే మూడు నెలలు పెద్ద, అందుకే వాళ్ళావిడ నాకు వదిన.)

బతికున్నప్పుడు ఏం చేశామన్నదే లెక్క అన్నారు కదా. 2021లో నేను కిడ్నీ ఇస్తానన్నాను. మా బ్లడ్ గ్రూపు ఒకటే, అది నాకు ఆర్మీలో చేరినప్పటి నుంచి తెలుసు. వదినకి షుగరు, ఆవిడది పనికిరాదు. కొడుకు ఇస్తానంటే తనే పడనివ్వలేదు, “ఈ ఊరి గుంటడి కిడ్నీ ఎన్నాళ్ళుంటాదో ఎవుడికి తెలుసు, దాన్ని వాడి దగ్గరే ఉండనీ” అన్నాడు. అప్పుడు నేను అన్నాను, నేను పదిహేడేళ్ళు ఈ ఊరి నీళ్ళు తాగలేదు, నాది బాగానే ఉంటుంది, తీసుకో అని. అందరి ముందూ అన్నాను. వాళ్ళమ్మ అప్పటికి బతికే ఉంది, నా రెండు చేతులూ పట్టుకుంది.

విశాఖలో ఒక ఆస్పత్రికి కనుక్కోడానికి వెళ్ళాను. పేషెంటుకి మీరేమవుతారు అని అడిగింది అక్కడి అమ్మాయి. నేస్తం అన్నాను. అంటే? అంది. చెప్పాను, బెల్లం, చొక్కా అంతా. ఫారం మీద ఫ్రెండ్ అని రాసుకుంది. చట్టంలో దగ్గర బంధువులంటే భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తాతా బామ్మలు, మనవలు, అంతే. మిగతావాళ్ళు ఇస్తే డబ్బు కోసం కాదు, అభిమానంతోనే అని కమిటీ ముందు రుజువు చేసుకోవాలి, మీ ఇద్దరూ చిన్నప్పటి నుంచి కలిసున్నట్టు ఫొటోలూ కాయితాలూ తెండి, మీ భార్యతో కూడా మాట్లాడాలి అంది. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. 1981లో మా ఊళ్ళో మాకు ఫొటో ఎవడు తీశాడు?

బయటికొచ్చి టీ తాగాను. తాగుతుంటే హమ్మయ్య అనిపించింది. ఈ మాట మా ఆవిడకి కూడా చెప్పలేదు. కుదరదంట అని ఫోన్లో చెప్పాను తనకి. కుదరదని వాళ్ళు అనలేదు, కష్టమన్నారు, అంతే. నేను ఒక్క కాయితం కూడా పట్టుకుని మళ్ళీ వెళ్ళలేదు. తను “ఒగ్గేయ్ నేస్తం, నీ పిల్లలు ఇంకా సిన్నోలు” అన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు, మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను ఎత్తుతానేమో అని చూశాడో లేదో కూడా తెలీదు. వదినకి తెలుసనుకుంటాను. ఆవిడ ఏమీ అనలేదు, అందుకే ఆవిడకి ఫోన్ చెయ్యాలంటే నాకు చెయ్యి ఆడదు. బట్టలు పెట్టే అర్హత నాకుందా లేదా అన్నది మా అన్నయ్య చెప్పే కారణానికి కాదు, దీనికి.

మూడో షిఫ్టు:

నేను డయాలసిస్ టెక్నీషియన్ని. ఏ సెంటరో చెప్పను, మీ వైపే. ధైర్యం చెప్పడానికి రాయట్లేదు, చూసింది రాస్తున్నాను.

బంధువులు కానివాళ్ళు ఇవ్వడం చట్టంలో ఉంది, కాని అంత దూరం వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ. వెళ్ళినా టెస్టుల్లో పోయేవాళ్ళున్నారు, కొంచెం బీపీ ఉన్నా ఆలోచిస్తారు. సొంత అన్నదమ్ములే ఇస్తామని చెప్పి టెస్టు రోజు ఫోన్ ఆపేసింది నేను చూశాను. మీరు హమ్మయ్య అనుకున్నారు, అది మీరు మోసుకోవాల్సిందే, నేను దించలేను. కాని ఒకటి అడుగుతాను. ఎప్పుడైనా ఆ నాలుగు గంటలు పక్కన కూర్చున్నారా? మా దగ్గర చాలామందిని ఆటోలో దించేసి వెళ్ళిపోతారు, పూర్తయ్యే టైముకి వస్తారు. మిషను మీద ఉన్నప్పుడు కాళ్ళు పట్టేసి గుంజుతాయి, పేషెంటు అరుస్తాడు, మేము ఇంకో నలుగురిని చూసుకోవాలి. అప్పుడు కాలు పట్టుకుని నొక్కే మనిషి ఉన్నవాళ్ళు వేరే.

కొబ్బరినీళ్ళ గురించి రాశారు, నిజం. ఈ ప్రాంతం వాళ్ళకి ఉప్పు మానమన్నా వింటారు, బొండాం మానమంటే మాత్రం దొంగచాటుగా తాగేసి వస్తారు, బరువు చూడగానే మాకు తెలిసిపోతుంది.

కొబ్బరాకు73:

నెలకి రెండుసార్లు, శనివారాలు. రాత్రి బయల్దేరి వెళ్ళేవాడిని. కాళ్ళు నొక్కాను, అది చేశాను. తను మాత్రం నొక్కుతుంటే కొబ్బరి ధర చెప్పేవాడు.

బొండాం దొంగచాటుగా తాగాడో లేదో తెలీదు. తాగి ఉంటే బాగుండు.

గంటస్తంభం:

అందరూ పెద్ద పెద్దవి రాశారు, నాది చిన్నది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను (పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగిస్తారు) మీకు తెలుసు, దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం. నేనూ మా స్నేహితుడూ ఆరో తరగతి నుంచి ఏటా మూడు లాంతర్ల దగ్గర ఒకే గోడ పక్కన నిలబడి సిరిమాను మీదకి అరటిపళ్ళు విసిరేవాళ్ళం. వాడి గురి ఎంత దరిద్రంగా ఉండేదంటే ఒకసారి కానిస్టేబుల్ టోపీకి తగిలింది, ఇద్దరం కోట దాకా పరిగెత్తాం. వాడు పోయి ఆరేళ్ళు. ఇప్పటికీ వెళ్తాను, రెండు పళ్ళు తీసుకెళ్తాను. నాది మామూలుగా విసురుతాను. వాడిది కావాలని గురి తప్పించి విసురుతాను.

అది శాస్త్రంలో ఉందో లేదో పంచాంగం అబ్బాయిగారు వాళ్ళ నాన్నగారిని అడిగి చెప్పాలి.

పంచాంగం అబ్బాయి:

అడిగాను. పండు కింద పడితే ఆవుకి పెట్టమన్నారు.

తంపర:

కొబ్బరాకుగారూ, నేను ముందు రాసింది చూసుకుంటే కొంచెం దురుసుగానే ఉంది. మీరు రాసిన తర్వాత రెండుసార్లు చదివాను. అయినా అదే చెప్తాను, ఆవిడకి ఫోన్ చెయ్యండి. అర్హత ఉందా లేదా అని మాకు రాస్తున్నారు, మేమెవరం? తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

కొబ్బరాకు73:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. చేశాను.

కిడ్నీ సంగతి ఎత్తడానికే చేశాను, కాని ఫోను ఎత్తగానే ఆవిడ “ఏటి బాబూ, పండక్కి వస్తన్నావా?” అంది, నాకు మాట రాలేదు. కాసేపు అవీ ఇవీ. కొడుక్కి పారాదీప్‌లో పని దొరికిందట, వెళ్ళాడట. అప్పు కొంత ఉంది, ఎంతో చెప్పింది, దాని సంగతి నేనూ మా అన్నయ్యా మాట్లాడుకున్నాం, ఇక్కడ రాయను. చివరికి అడిగేశాను, వదినా, అప్పుడు నేను ఆస్పత్రికి మళ్ళీ వెళ్ళలేదు, నీకు తెలుసు కదా అని. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, “మీ నేస్తానికీ తెలుసు. నువ్వు కుదరదంటని సెప్పినరోజు బువ్వ తినలేదు. మర్నాడు తిన్నాడు.” అంతే అంది. తప్పు లేదనీ అనలేదు, ఉందనీ అనలేదు. నేను కూడా ఇంకేమీ అడగలేదు.

బట్టలు పెట్టుకుంటానంటే, పెట్టు గాని పంచె పెట్టకు, పంచె ఎప్పుడు కట్టాడు, లుంగీ పెట్టు, నీలం గళ్ళది అంది. వాళ్ళింటికి కూడా పంపమంది, ఆవిడకి చీర వద్దట, కొడుక్కి చొక్కా చాలు. మా అన్నయ్యకి చెప్పాను. ఆవిడే చెప్పాక నేనేమంటాను, నాన్న పంచె పక్కన కాదు, కొంచెం ఎడంగా పెట్టు అన్నాడు. ఎంత ఎడంగా అని మా ఆవిడ స్కేలు తెచ్చింది, అన్నయ్య నవ్వేశాడు.

ఇంకోటి. 2019లో వేసిన మొక్కలు ఈ ఏడే కాపుకొచ్చాయట. మొదటి గెల దింపినప్పుడు తను ఆస్పత్రిలో ఉన్నాడు. “లుంగీ పక్కన బొండాం కొట్టి పెట్టు, ఇప్పుడు డాక్టరు ఏటంటాడు” అంది వదిన. విశాఖలో కొన్నది పెట్టకు, మన చెట్టుదే పంపిస్తాను అంది. పండగ ముందురోజు సోంపేట నుంచి వచ్చే బస్సులో నాలుగు బొండాలు వేస్తుందట, డ్రైవరు నంబరు కూడా తీసుకుంది. పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్ళి దింపుకోవాలి. నా పేరు మీద పంపుతావా అంటే, నేస్తం అని రాస్తాలే సంచీ మీద, తెలిసిపోద్ది అంది.